నెదర్ వాడ్‌కోమ్ స్టేషన్ చరిత్రలో ఒక వారం

నెదర్ వాడ్‌కోమ్
మార్చి 4, 1979

బావకి,

క్రిస్మస్ కార్డు కాకుండా నీకు అసలైన ఉత్తరం రాసి పదహారేళ్ళయింది. కార్డు అయితే సుఖం. రెండు ముక్కలు రాసి, బొమ్మే సగం తినేసింది, ఇక చోటు లేదని తప్పించుకోవచ్చు. ఇప్పుడు నీతో పని పడింది. పని పడ్డాక చుట్టరికం గుర్తొచ్చిందని మ్యూరియల్ అక్క అంటుంది. అననీ.

మన స్టేషన్ చరిత్ర నేను రాస్తున్నాను. నవ్వకు. చర్చి వాళ్ళు జూన్ నెలలో చిన్న పుస్తకం వేస్తున్నారు. పాదిరి ఎల్‌వర్తీ గారు ఇంటికొచ్చి, "రైల్లో ఉద్యోగం చేసినవాళ్ళలో ఊళ్ళో ఇంకా బతికున్నది మీరొక్కరే కదండీ" అన్నారు. చరిత్రకారుడిగా నాకున్న అర్హత అదీ, పోకుండా ఉండటం. అయినా ఆ మాటకే పొంగిపోయి కొత్త పెన్ను కొన్నాను.

ఇంతవరకు ముప్ఫై పేజీలయింది. అందులో ఊరికి రైలెలా వచ్చిందో ఒక పేజీ. జమీందారు గారికి పొగ పడదని స్టేషన్ని ఊరికి మైలుంబావు దూరంలో కట్టిన సంగతి ఒక పేజీ. వెయిటింగ్ రూములో పొయ్యి గురించి నాలుగు. తక్కిన ఇరవై నాలుగూ పూలమొక్కలే. పాదిరిగారు చదివి, "చాలా వివరంగా ఉందండీ" అన్నారు. ఆ మాట ఆయన చావు ఇళ్ళల్లో కూడా అంటారు.

నీ దగ్గర్నించి సరుకు రవాణా సంగతులు కావాలి. పాల క్యాన్లు, కుందేళ్ళు, వాగు నీళ్ళలో పెంచే నీటి ఆకుకూర బుట్టలు. ఏ బండిలో ఏవి వెళ్ళేవో నాకు గుర్తు లేదు, నేను స్టేషన్ మాస్టర్ని, బండిలో ఉండే గార్డువి నువ్వు కదా. స్టేషన్ మూసేసిన భాగం చివర్లో ఒక పేరా రాసేస్తే సరిపోతుంది. దానికి నిన్ను ఇబ్బంది పెట్టను.

స్టేషన్ ఇప్పుడు బర్మింగ్‌హామ్ పళ్ళ డాక్టరుది. వేసవికి వస్తారు. టికెట్ల కిటికీలోంచి వాళ్ళావిడ టీ కప్పు అందిస్తుంటే అరవై అడుగుల దూరం నుంచే నాకు చేయి చాచాలనిపిస్తుంది.

నీ బావమరిది,
ఆంబ్రోస్ టకెట్


వేమత్
మార్చి 12, 1979

ఆంబ్రోస్,

ఉత్తరం అందింది. కవరు మీద నీ రాత చూసి మ్యూరియల్ నువ్వు పోయావనుకుంది. పోయినవాళ్ళు ఉత్తరం రాయరే అంటే అప్పుడు కూర్చుంది.

నేను ఇక్కడ క్షేమం. నా ఉద్యోగం ఇప్పుడు సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని చేపా చిప్సూ తినడం, అందులో సగం కొంగల్లాంటి ఈ సముద్రప్పిట్టలకి పన్ను కట్టడం. ముప్ఫై ఒక్కేళ్ళు జెండా ఊపితే రైళ్ళు కదిలేవి. ఇప్పుడు రుమాలు ఎంత ఊపినా ఒక్క పిట్ట కదలదు.

నువ్వడిగినవి రాసుకో. పొద్దున ఏడూ పదికి పాలు. ఎనిమిదీ నలభైకి బడిపిల్లలు, బెర్తా పామరీ గుడ్ల బుట్టా. మధ్యాహ్నం రెండుంబావుకి ఆకుకూర. సాయంత్రం ఆరింటి బండికి రూబెన్ చబ్ గ్లాసులో బీరు అయ్యేదాకా మూడు నిమిషాలు ఆలస్యం, దాన్ని నేను ప్రతిసారీ "పట్టాల మీద ఆవు" అని రాసేవాణ్ణి. ఆ లెక్కన చూస్తే మీ ఊళ్ళో ఆవులు బొత్తిగా క్రమశిక్షణ లేనివి.

ఇక నేనొకటి అడుగుతాను.

ఆ చివరి పేరాలో ఏం రాస్తున్నావు? మూసివేత నోటీసులో "లెక్కపెట్టిన వారంలో ఎక్కినవారు: లేరు" అని అచ్చయింది. ఆ లెక్క రాసింది నేను. గార్డు డబ్బాలో నిద్రపోయి సున్న రాశాడని ఊరంతా అన్నారు. సారా కొట్టులో నేను అడుగు పెడితే గురక చప్పుడు చేసేవాళ్ళు. చర్చి పాటల బృందంలో మ్యూరియల్ పక్క కుర్చీ ఖాళీ అయింది. నేను లాంకషైర్ వాణ్ణి, పాతికేళ్ళున్నా పరాయివాణ్ణే, పోనీ. ఆమె ఆ ఊరి పిల్ల. మీ అమ్మ సమాధి చూసి పదహారేళ్ళయింది దానికి. ఆ ఊరి బస్సెక్కదు.

నన్ను పొగడక్కర్లేదు. గార్డు మెలకువగా ఉన్నాడు అని ఒక్క వాక్యం వెయ్యి. పూలకి ఇరవై నాలుగు పేజీలిచ్చినవాడివి, నాకొక వాక్యం ఇవ్వలేవా.

లెనార్డ్


నెదర్ వాడ్‌కోమ్
మార్చి 25, 1979

బావకి,

ఆవుల సంగతి బాగుంది. వెంటనే వేసేశాను. రూబెన్ పేరు తీసేసి "ఒక రైతు" అన్నాను. ఊరంతటికీ తెలుస్తుంది, రూబెన్‌కి తప్ప.

నీటి ఆకుకూర గురించి ఇంకొంచెం రాయి. బుట్టలు తీగతో అల్లినవా, చెక్కవా? ప్లాట్‌ఫారం మీద కంకర ఏ గుంట నుంచి వచ్చిందో నాకు నిన్న రికార్డుల్లో దొరికింది. రెండు పేజీలయింది. బంగారు రంగు కంకర బావా, నీకు గుర్తుందా. దువ్వితే ఎంత బాగుండేదో.

నువ్వడిగినదాని గురించి. పుస్తకం కమిటీలో మాట్లాడుకున్నాం. అంటే నేను మాట్లాడాను, వాళ్ళు బిస్కట్లు తిన్నారు. పాత గొడవలు కదపకుండా ఉండటమే మంచిదని అందరికీ అనిపించింది. నేనొక వాక్యం రాసుకున్నాను చూడు. "లెక్కింపులో జరిగిన కొన్ని పొరపాట్ల వల్ల కూడా కావచ్చు, స్టేషన్ మూతపడింది." ఇందులో ఎవరి పేరూ లేదు. ఎవరినీ అన్నట్టు కాదు. ఎంతో జాగ్రత్తగా రాశాను. నాలుగు రోజులు పట్టింది.

అక్కకి నా ముద్దులు.

ఆంబ్రోస్


వేమత్
మార్చి 30, 1979

ఆంబ్రోస్ గారికి,

బుట్టలు తీగతో అల్లినవి.

మీ వాక్యం చదివాను. మ్యూరియల్ కూడా చదివింది. "ఊరివాళ్ళు నోటితో అన్నది నా తమ్ముడు అచ్చు వేయిస్తున్నాడు" అంది. దానికి జవాబు మీ దగ్గరుంటే ఆమెకే రాయండి.

పుస్తకం మాకు పంపకండి.

ఎల్. స్ప్రాగ్


నెదర్ వాడ్‌కోమ్
ఏప్రిల్ 14, 1979

బావా,

నువ్వు నన్ను "గారు" అన్నావు. ముప్ఫై ఏళ్ళుగా నన్ను గాడిదా, పూలకుండీ, దువ్వెన మాస్టరూ అన్నావు, ఎప్పుడూ బాధ పడలేదు. ఈ రెండక్షరాలు నన్ను రెండు వారాలు పడుకోనివ్వలేదు.

ఈ ఉత్తరం ఇప్పటికి ఐదుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మూడో వాక్యానికల్లా తులిప్ పూలు వచ్చేస్తున్నాయి. ఈసారి వాటినే ముందు రాసేస్తాను, అసలు పాపమంతా వాటి దగ్గరే ఉంది.

పూలతోట నాది కాదు, ఐవీది. ప్లాట్‌ఫారం మీద ప్రతి మొక్కా నా భార్య చేత్తో పాతింది. నాకు దువ్వడం మాత్రం ఇచ్చింది, కంకర. "అందాల స్టేషన్" పోటీలో ఏటా మనకి రెండో బహుమతే, పక్క స్టేషన్ హాల్‌స్టన్ వాళ్ళకి మొదటిది. ఐవీ ఉన్న చివరి ఏడాది అర మార్కు తేడాతో పోయింది. "కంకర మీద బుట్ట పెట్టిన గుర్తు" అని జడ్జీలు రాశారు. ఐవీ నవ్వి, "వచ్చే ఏడు చూద్దాంలే" అంది. నవంబరులో పోయింది.

ఆ తర్వాతి ఏప్రిల్‌లో జడ్జీలు ఫలానా వారం వస్తారని కబురొచ్చింది. ఏ రోజో చెప్పరు. అదే వారం ఇంకో కాగితం వచ్చింది. ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ గార్డు లెక్కపెట్టాలి అని. బావా, ఆ కాగితం నేను చదవలేదని రాద్దామనుకున్నాను. చదివాను. రెండుసార్లు చదివాను. వాళ్ళు ఏటా ఏదో ఒకటి లెక్కపెట్టేవాళ్ళు కదా, ఒక ఏడాది మంటలార్పే బకెట్లు కూడా లెక్కపెట్టారు. ఇదీ అంతేలే అనుకుని దాని వెనక విత్తనాల జాబితా రాసుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక, మీ ఇల్లు తప్ప, ఇంటింటికీ వెళ్ళాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ప్లాట్‌ఫారం అంచుకి తెల్లరంగు వేస్తున్నాను, కంకర దువ్వి పెట్టాను, ఈ ఒక్క వారం బస్సులో వెళ్తారా" అని అడిగాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ఐవీ కోసం కట్టుకున్న నల్లపట్టీ నా చేతికి ఇంకా ఉంది. బెర్తా పామరీ, "దానికేం ఆంబ్రోస్, హాల్‌స్టన్ దాకా నడిచిపోతాను, కాళ్ళు నావే" అంది. బడిపిల్లల్ని కూడా తల్లులు బస్సులో పంపారు. మన ఊరి మర్యాద సంగతి నీకు తెలుసు. కాలువలో పడి మునిగిపోతున్నా, వీలు చూసుకుని చెయ్యందించమని అడుగుతాం.

ఆ వారమంతా స్టేషన్లో ఒక్క చెప్పు గుర్తు పడలేదు. అంత అందంగా అది ఎప్పుడూ లేదు. స్టేషన్‌కి మనుషులు చేసే హాని ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది, వాళ్ళు వస్తారు. అదొక్కటీ ఆపితే చాలు.

మొదటి బహుమతి వచ్చింది. పింగాణీ పలక పొయ్యి మీద గోడకి ఉంది, శనివారం శనివారం తుడుస్తాను.

రెండేళ్ళకి నోటీసు వచ్చింది. సారా కొట్టులో రూబెన్, "లెనార్డు నిద్రపోయుంటాడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో గ్లాసుంది. నోరు తెరవాల్సింది. తెరిచాను, తాగడానికి. గ్లాసు ఖాళీ చేసి ఇంటికొచ్చాను.

నీ పేరు పాడుచేసింది నేను. అక్కని ఊరికి దూరం చేసింది నేను. ఇదంతా పుస్తకంలో వేస్తాను. వేసే ముందు నీకు చెప్పాలి కదా, అందుకు రాశాను. సిగ్గుగా ఉంది బావా.

ఆంబ్రోస్


వేమత్
ఏప్రిల్ 22, 1979

ఓరి దువ్వెన మాస్టరూ,

నాకు తెలుసు.

ఆ సోమవారం ఎనిమిదీ నలభైకి బండి ఆగితే ప్లాట్‌ఫారం మీద ఒక్క మనిషి లేడు. డబ్బాలోంచి తల బయటపెట్టి, "ఏమైందిరా మీ ఊరికి, మశూచి గానీ వచ్చిందా" అన్నాను. నువ్వు రంగుబ్రష్షు ఊపుతూ, "కిందకి దిగకు బావా, బండి కదిలించు, పొగ పూల మీద పడుతోంది" అన్నావు. స్టేషన్ మాస్టరు రైలుని వెళ్ళగొట్టడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే చూశాను.

శనివారం దాకా అదే వరస. ఎక్కినవాళ్ళ గడిలో నేను సున్నలు చుట్టాను. దిగినవాళ్ళ గడిలో శుక్రవారం ఇద్దరు. వాళ్ళు ఆ పోటీ జడ్జీలే. తిరిగి వెళ్ళడం మాత్రం ఎవరిదో కారులో వెళ్ళారు.

ఎవరితోనూ ఎందుకు చెప్పలేదంటావా. నన్ను మహాత్ముణ్ణి చెయ్యకు, పుస్తకంలో అచ్చేస్తావేమోనని భయంగా ఉంది. మొదట్లో నీ మొహం చూసి ఊరుకున్నాను. ఐవీ పోయాక నువ్వు నవ్వింది ఆ పలక వచ్చిన రోజే. తర్వాత కోపంతో ఊరుకున్నాను. వీడే వచ్చి చెప్పాలి, నేను చెప్పకూడదు అని. పదహారేళ్ళు బెంచీ మీద కూర్చుని నీకోసం ఎదురుచూశాను. నాలాంటి మొండివాడికి గార్డు ఉద్యోగం ఎలా ఇచ్చారో తెలీదు. ఆ మొండితనానికి మ్యూరియల్‌ని కూడా బలిచేశాను. అది నీ తప్పు కాదు, నాది.

ఇంకొకటి. స్టేషన్ నీ వల్లే పోయిందని మరీ అంత గొప్పలు పోకు. ఆ దారిలో పదకొండు స్టేషన్లూ మూసేశారు. హాల్‌స్టన్‌లో ఆ వారం రోజుకి వందమంది ఎక్కారు, మీ ఊరివాళ్ళతో కలిపి. అదీ పోయింది. నీ తులిప్పులకి అంత శక్తి లేదు.

మ్యూరియల్‌కి నీ ఉత్తరం వచ్చాకే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, నీ మీదో నా మీదో తెలియలేదు. ఈ పొద్దున అడిగాను. ఇద్దరి మీదా అంది. "ఊళ్ళోవాళ్ళ ముందు వాడు నోరు విప్పి చెప్తే అప్పుడు చూద్దాం. పుస్తకంలో రాసి ఇంట్లో దాక్కుంటే కుదరదు" అంది.

లెనార్డ్


నెదర్ వాడ్‌కోమ్
జూన్ 10, 1979

బావకీ, అక్కకీ,

చెప్పాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి చర్చి హాల్లో. అచ్చుకి వెళ్ళే ముందు పుస్తకం చదివి వినిపించాలని పాదిరిగారు పెట్టారు. అరవైమంది వచ్చారు. ఉచితంగా కేకు ఉందని బోర్డు పెట్టారు, అందులో నా చరిత్ర మహిమ ఏమీ లేదు. కంకర దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారు.

చివరి అధ్యాయం మొదలుపెట్టాను. ఇంటింటికీ వెళ్ళి అడిగినది చదివాను. సారా కొట్టులో గ్లాసు చదివాను. "గార్డు లెనార్డ్ స్ప్రాగ్ ఆ వారమంతా మెలకువగా ఉన్నాడు, ఆయన రాసిన లెక్క సరైనది" అని చదివాను. తల ఎత్తితే ఎవరూ కదలడం లేదు. కేకు కూడా ఎవరూ నమలడం లేదు. ఊరు వెలివేస్తుందనే అనుకున్నాను.

అప్పుడు బెర్తా పామరీ లేచింది. ఎనభై ఒకటి ఆవిడకి, లేవడానికే కొంతసేపు పట్టింది.

"ఇందులో కొత్తేముంది ఆంబ్రోస్? మా తలుపులే కదా తట్టావు. ఆ వారమంతా గుడ్ల బుట్టతో హాల్‌స్టన్ నడిచింది నేను. మరిచిపోయాననుకున్నావా?"

"తెలిస్తే మరి లెనార్డు నిద్రపోయాడని ఎందుకన్నారు?" అని అడిగాను.

వెనక నుంచి రూబెన్, నేలకేసి చూస్తూ అన్నాడు. "నిన్ను అనలేం కదా. నువ్వప్పటికే ఐవీని పోగొట్టుకున్నావు. మమ్మల్ని మేం అనుకోలేం. అతను పై ఊరివాడు. ఏమన్నా పడేవాడు. పడ్డాడు."

బావా, నేనొక్కణ్ణే అబద్ధం మోస్తున్నానని పదహారేళ్ళు గొప్ప విషాదంలో బతికాను. ఊరంతా మోస్తోంది. ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

తర్వాత బెర్తా ఒక పని చేసింది. పాదిరిగారి దగ్గర కాగితం లాక్కుని, ఆ వారం తను రైలెక్కితే ఎన్నిసార్లు ఎక్కేదో రాసి సంతకం పెట్టింది. ఆవిడ వెనక అందరూ వరస కట్టారు. పోయినవాళ్ళ తరఫున వాళ్ళ పిల్లలు పెట్టారు. మొత్తం నూట పన్నెండు ప్రయాణాలు. పుస్తకంలో చివరి పేజీగా వేస్తాం. గార్డు సంతకం లేకపోతే లెక్క చెల్లదని నేనే చెప్పాను. కాగితం ఇందులో పెడుతున్నాను. కింద గీత గీసి నీ పేరుకి చోటు వదిలాం. సున్న కొట్టేసి నూట పన్నెండు రాసి సంతకం పెట్టు.

నన్ను క్షమించమని ఇద్దరినీ అడుగుతున్నాను. ఈ వాక్యం చుట్టూ తిప్పకుండా ఒక్కసారికే రాశాను.

ఆంబ్రోస్


వేమత్
జూన్ 15, 1979

ఆంబ్రోస్,

కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

కోపంతో కాదు. రెండు రాత్రులు దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్క పేరూ చదివాను. అందులో నన్ను చూసి గురక చప్పుడు చేసినవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు, వాళ్ళ సంతకాలే అన్నిటికంటే పెద్దగా ఉన్నాయి. చదువుతుంటే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. చల్లగాలి అని మ్యూరియల్‌కి చెప్పాను. కిటికీ వేసే ఉంది.

కానీ ఎక్కనివాళ్ళని నేను లెక్కపెట్టలేను. ఎక్కాలనుకున్నవాళ్ళు, మర్యాద కోసం మానుకున్నవాళ్ళు, తర్వాత బాధపడినవాళ్ళు, వీళ్ళకి గడి లేదు. ఆ వారం మెట్టు మీద కాలు పెట్టినవాళ్ళెవరూ లేరు. నేను మెలకువగానే ఉన్నాను, కళ్ళు విప్పుకునే చూశాను, చూసిందే రాశాను. నా మీద పడ్డ నింద ఆ సున్న తప్పని. ఇప్పుడు మీరంతా ప్రేమగా వచ్చి దాన్ని కొట్టేయమంటే, నింద నిజమని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

మీ పేర్లు మీరు వేసుకోండి, ఎన్ని పేజీలైనా. దాని ముందు పేజీలో మాత్రం నాది ఉన్నదున్నట్టు ఉండాలి. ఎక్కినవారు సున్న. దిగినవారు ఇద్దరు. దాని కింద నా పేరు పూర్తిగా వెయ్యి, పొట్టి చెయ్యకు.

ఇది రాస్తుంటే మ్యూరియల్ వెనక నిలబడి చదివింది. మీరు పంపిన పేర్లన్నీ దానికి మళ్ళీ గట్టిగా చదివి వినిపించమంది. చదివాను. బెర్తా పేరు దగ్గర ఆపి, "అది ఇంకా బతికే ఉందా" అంది. తర్వాత వెళ్ళి బస్సు వేళల కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.

శనివారం పదకొండింటి బస్సుకి ఇద్దరం వస్తున్నాం. నువ్వు స్టాపు దగ్గరికి రావద్దట. ముందు మీ అమ్మ సమాధి దగ్గరికి వెళ్తుందట. ఆ తర్వాత నీ తలుపు తడుతుందట, నువ్వు తీయాలట.

లెనార్డ్ స్ప్రాగ్
గార్డు